పనసపిక్కంత పురుగు

పశువైద్యంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు చోడవరంలో మా ఇంటికి వస్తుంటారు. రిటైరై కూర్చున్న డాక్టరు దగ్గర కాఫీ దొరుకుతుంది, కబుర్లూ దొరుకుతాయి. అందరూ అడిగేది ఒకటే: "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" అడ్డం తిరిగిన దూడను గంటల తరబడి కష్టపడి బయటికి లాగిన సంగతో, బావిలో పడిన ఎద్దును తాళ్లు కట్టి పైకి తెచ్చిన సంగతో చెబుతానని ఎదురుచూస్తారు. అవీ ఉన్నాయి. కానీ నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పినది జబ్బుచేసిన పశువు కాదు, పేడపురుగు. దాన్ని నేను చంపాను. తెలియకే అయినా, ఎంతో శ్రద్ధగా, ఏళ్ల తరబడి చంపాను.

నా ఆసుపత్రి కిందికి బుచ్చయ్యపేట వైపు పల్లెలు కొన్ని వచ్చేవి. వరి, చెరకు, ఇంటికి రెండో మూడో పశువులు. నేను అక్కడ చేరేసరికి దూడల పరిస్థితి ఘోరంగా ఉండేది. కడుపు ఉబ్బి, వెంట్రుకలు రేగి, కళ్లు పాలిపోయి, ఏడాది నిండకుండానే చచ్చిపోయేవి. కారణం కడుపులో నట్టలు. ఒక ఊళ్లో, భర్త పోయిన ఒక రైతమ్మ ఆశలన్నీ పెట్టుకున్న పెయ్యదూడ నా చేతుల్లోనే ప్రాణం విడిచింది. ఆమె ఏడవలేదు. "ఇంక పాలెక్కడివి బాబూ?" అని మాత్రం అడిగింది. ఆ ఊళ్లో ఇంకో దూడ నట్టలతో చావకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

మాట నిలబెట్టుకున్నాను కూడా. ఏడాదికి రెండుసార్లు, ఒకటి తొలకరి వానల్లో, ఒకటి కోతలయ్యాక, ఊళ్లో ఉన్న పశువులన్నిటినీ బడి మైదానానికి తోలించి వరసపెట్టి ఇంజెక్షన్లు చేసేవాణ్ణి. ముసలి ఎద్దు నుంచి ఈనిన ఆవు దాకా దేన్నీ వదిలేవాణ్ణి కాదు. లోపలి నట్టలూ బయటి పిడుదులూ ఒక్క దెబ్బతో పోయే మందు అది. ఇలా అన్నిటికీ చెయ్యమని పైనుంచి ఎవరూ చెప్పలేదు, అదంతా నా ఉత్సాహమే. నాలుగైదేళ్లు తిరిగేసరికి దూడల చావులు ఆగిపోయాయి. పక్క ఊళ్లవాళ్లు మాకూ చెయ్యమని వచ్చారు. నేను కాస్త ఛాతీ విరుచుకుని నడవడం మొదలుపెట్టాను.

అసలైతే ముందు పేడను మైక్రోస్కోపు కింద పెట్టి, నట్టల గుడ్లు ఉన్న పశువుకే మందు వెయ్యాలి. మా ఆసుపత్రిలో మైక్రోస్కోపు ఉండేది. ఎప్పుడూ గుడ్డ కప్పి ఉండేది కనుక మా కాంపౌండరు దాన్ని "పెళ్లికూతురు" అనేవాడు. నాకంటే ఏడాది పెద్దవాడు, పనితనం గల మనిషి. ప్రతిదాన్నీ అనుమానించేవాడు, ఒక్క నన్ను తప్ప. నా దురదృష్టం అదే.

ఆ రైతమ్మ ఊరి పశువుల్ని ఊరవతల బీట్లో మేపే ఒక పెద్దావిడ ఉండేది. ఒకరోజు పనిగట్టుకుని నడిచి ఆసుపత్రికి వచ్చింది.

"డాక్టరు బాబూ, మా బీట్లో పేడ భూమిలో కలవటం నేదు. ఎక్కడేసింది అక్కడే అప్పడంలాగ ఎండిపోతంది. దాని సుట్టూరా గెడ్డి పశువు ముట్టటం నేదు. ఏటైపోనాదంటావు?"

"గడ్డి సంగతి నన్నడిగితే ఎలాగమ్మా? వ్యవసాయం ఆఫీసుకెళ్లు," అన్నాను నవ్వుతూ. కాంపౌండరు కూడా నవ్వాడు. ఆమె చీర చెంగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది. తర్వాత రెండుసార్లు అదే మాట చెప్పింది. రెండుసార్లూ నేను అలాగే నవ్వాను.

ఆ మరుసటి ఏడాది వానాకాలంలో ఒక అమ్మాయి ఆసుపత్రికి వచ్చింది. మాడుగుల పిల్ల, విశాఖపట్నంలో రీసెర్చి చేస్తోంది. భుజానికున్న సంచీలో ఒకదానిలో ఒకటి దూర్చిన ప్లాస్టిక్ గ్లాసులు బోలెడు. ఏ ఊళ్లో ఎన్ని పశువులు, ఏ మందు ఎప్పుడు వేశాం అనే వివరాలు కావాలంది. నేను గర్వంగా రిజిస్టర్లు ముందు పెట్టాను.

"దేని మీదమ్మా నీ రీసెర్చి?"

"పేడపురుగుల మీద సార్. వాటి సైజు మీద."

"సైజు మీదా?"

"అవును సార్. ఏ సైజులో ఎన్ని రకాలున్నాయి, ఎక్కడ ఏ సైజువి తగ్గిపోతన్నాయి, అదే నేను చూస్తన్నాను."

కాంపౌండరు ఉండబట్టలేకపోయాడు. "రేపు పెళ్లిసూపుల్లో ఏటి సదివేవని అడిగితే ఏటి సెప్తావమ్మా?"

"ఒక గ్లాసెడు పురుగులు చూపిస్తాను బాబాయ్. ఉంటే ఉంటాడు, పోతే పోతాడు," అంది ఆ అమ్మాయి, రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే. కాంపౌండరు అంతలా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆమె రెండు చోట్ల పనిచేసింది. ఒకటి నేను పొంగిపోయే ఆ ఊరి బీడు. రెండోది మాడుగుల దాటాక కొండల మొదట్లో ఉన్న ఒక చిన్న పల్లె. అక్కడి పశువులు ఇంజెక్షను మొహం ఎరగవు. గ్లాసుల్ని అంచు దాకా నేలలో పాతి, పైన పుల్లకు పలచటి గుడ్డలో పేడ మూటకట్టి వేలాడదీసేది. వాసనకి వచ్చిన పురుగు గ్లాసులో పడేది. మర్నాడు పొద్దున్నే ఏరుకొచ్చి మా ఆసుపత్రి వరండాలో పళ్లెంలో పరిచేది. పళ్లెం మీద గీసిన నాలుగు గళ్లు, వాటికి నాలుగు పేర్లు: ఆవగింజ, పెసరగింజ, చింతపిక్క, పనసపిక్క. పురుగు సైజును బట్టి గడి.

ఒక పొద్దున్న రెండు ఊళ్ల పళ్లేలూ పక్కపక్కనే పెట్టి నన్ను పిలిచింది.

"ఇలా చూడండి సార్. రెండు చోట్లా ఆవగింజ గడిలోనే ఎక్కువ రకాలు. పెసరగింజలో కొంచెం తక్కువ. చింతపిక్కలో ఇంకా తక్కువ. ఎక్కడైనా ఇంచుమించు ఇదే వరస. చిన్నవాటిలో రకాలెక్కువ, పెద్దవాటిలో తక్కువ. ఎలకల్లో ఎన్ని రకాలున్నాయి, ఏనుగుల్లో ఎన్ని ఉన్నాయి? అలాగే ఇక్కడానూ."

కొండ పల్లె పళ్లెంలో పనసపిక్క గడిలో ఒకే ఒక రకం ఉంది. నల్లగా నిగనిగలాడుతూ, తల మీద చిన్న కొమ్ముతో, చేట లాంటి ముందుభాగంతో. అది గడిలోంచి బయటికి తోసుకొస్తుంటే కాంపౌండరు మూతపెట్టాడు. మా ఊరి పళ్లెంలో ఆ గడి ఖాళీ. చింతపిక్క గడిలోనూ ఒకటి రెండే.

"మొత్తం మీద మా ఊళ్లోనూ రకాలు చాలానే ఉన్నాయిగా. ఆ ఒక్కటీ లేకపోతే ఏం కొంపలు మునిగాయి?" అన్నాను.

ఆ అమ్మాయి వాదించలేదు. "ఎల్లుండి నాతో రెండు ఊళ్లకీ వస్తారా సార్?" అని మాత్రం అడిగింది.

ముందు రోజు సాయంత్రం రెండు చోట్లా ఒకే కొలత పేడ ముద్దలు పెట్టించింది. రెంటికీ కొండ పల్లె పశువుల పేడే. పొద్దున్నే కొండ పల్లెకు వెళ్లేసరికి ముద్దలున్న చోట గడ్డి పరకలు నాలుగు, బొటనవేలు పట్టేంత కన్నాలు, వాటి పక్కన తవ్విపోసిన తడిమట్టి. పేడంతా నేలలోకి వెళ్లిపోయింది. అక్కణ్ణించి మా ఊరి బీడుకు వచ్చాం. ముద్దలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పైన పెచ్చు కట్టడం మొదలైంది. పుల్లతో కదిపితే లోపల ఆవగింజ పురుగులు గంపెడు. పాపం, వాటి పనిలో అవి ఉన్నాయి.

"ఇవన్నీ పేడలోనే తిరిగి, పేడలోనే తింటాయి సార్. పెద్దది అలా కాదు. పిల్లల కోసం మోసుకెళ్లి లోతుగా పాతేస్తాది. రకాల లెక్కలో అది ఒక్కటే. పని లెక్కలో సగం అదే."

పశువుల్ని తోలుకొచ్చిన పెద్దావిడ మా వెనకే నిలబడి వింటోంది. ఆ అమ్మాయి జేబులోంచి సీసా తీసి కొమ్ము పురుగును చూపించింది.

"ఓసి నీ! ఇదే గుంటా," అంది పెద్దావిడ ఆ అమ్మాయితో. "ముందర ఇయ్యి మా బీట్లోనూ ఉండీవి. తొలి వాన పడితే బుర్రుమని ఎగురుకుంటా వొచ్చీవి. బాబు సూదులు మొదలెట్టిన కాడినుంచీ ఒక్కటీ కనపడ్డం నేదు."

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "అంత తెలిసినదానివి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?" అని గట్టిగా అడిగాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "పేడ కలవటం నేదని మూడుసార్లు సెప్పేను బాబూ. మీరు నవ్వేరు."

పుల్ల కింద పడేసి బండి వైపు నడిచాను.

దారిలో ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. నేను వేసే మందు పశువు ఒంట్లోంచి కొన్ని వారాల పాటు పేడలో బయటికి వస్తుంది. ఆ పేడ తిన్న పురుగు పిల్ల బతకదు. చిన్నవి త్వరత్వరగా, ఎక్కువగా పెడతాయి. ఈ ఏడు పోయినా పక్క పొలాల నుంచి వచ్చి మళ్లీ నిండుతాయి. పెద్దది అలా పెట్టలేదు. మట్టి కింద నాలుగైదు ఉండలు చేసి, ఉండకొక గుడ్డు పెట్టి, కాపలా కూర్చుంటుంది. ఏడాదికి దాని సంసారం అంతే. అది పైకి వచ్చేది సరిగ్గా తొలకరిలో, సరిగ్గా నేను సూది పట్టుకునే వారంలో.

"తెలిసి చేసింది కాదు కదా సార్," అంది చివర్లో. ఆ మాట నాకు ఏమాత్రం సాయపడలేదు.

నిజం చెప్పాలంటే నేను వెంటనే ఒప్పుకోలేదు. డాక్టర్లకు అంత మంచి గుణం ఉండదు. ఒక్క వానాకాలం చూసి ఎలా తేల్చేస్తావని ఆమెతో వాదించాను. నేనే తేల్చుకుంటానని ఆసుపత్రి పెరట్లో రెండు సిమెంటు తొట్టెల్లో మట్టి నింపాను. ఒకదాంట్లో ఇంజెక్షను చేసిన ఆవు పేడ, రెండోదాంట్లో చెయ్యని ఆవు పేడ. రెంటిలోనూ కొండ పల్లె నుంచి తెచ్చిన కొమ్ము పురుగుల జంటల్ని వదిలి, పైన వల కట్టాం. కాంపౌండరు రోజూ పొద్దున్న నీళ్లు చిలకరించి, వాటిని పేరంటాళ్లను పలకరించినట్టు పలకరించేవాడు.

కొన్ని వారాల తర్వాత ఇద్దరం కూర్చుని తవ్వాం. రెండు తొట్టెల్లోనూ నిమ్మకాయంత ఉండలు దొరికాయి. మందు లేని తొట్టెలో ఉండను విప్పితే తెల్లటి లావాటి పిల్ల ముడుచుకుని కదులుతోంది. రెండో తొట్టెలో ఒక ఉండ విప్పాను, రెండోది విప్పాను, మూడోది విప్పాను. అన్నిటిలోనూ ఎండిన తొక్క. పక్కనే తల్లి పురుగు ఇంకా కాపలా ఉంది.

"సార్, ఇంక విప్పకండి," అన్నాడు కాంపౌండరు.

అప్పుడు నాకు అసలు భయం పట్టుకుంది. మందు మానేస్తే దూడలు చస్తాయి. అది నేను కళ్లారా చూసినవాణ్ణి. మానకపోతే ఆ బీడు అప్పడాల కల్లంగానే ఉండిపోతుంది. ఎటు తోచక, ఏ మార్పూ చెయ్యకుండానే మళ్లీ తొలకరి దాకా వచ్చేశాను. అలవాటు ప్రకారం క్యాంపు తేదీ మైకులో చెప్పించాం. తెలిసిన సంగతి దాచి చెప్పించానే, అక్కడే పిరికితనం చేశాను.

ఆ రోజు పొద్దున్నే సన్నటి వాన పడి ఆగింది. బడి మైదానం నిండా పశువులు. రీసెర్చి అమ్మాయి కూడా వచ్చి గోడ పక్కన నిలబడింది. కాంపౌండరు మందు ఎక్కించి సిరంజి నా చేతికిచ్చాడు. వరసలో మొదటిది నిబ్బరంగా ఉన్న పాడి ఆవు. మెడ దగ్గర చర్మం పట్టుకున్నాను. సూది దించలేకపోయాను.

"ఏటి బాబూ, సూదెయ్యరా?" అన్నాడు ఆవు యజమాని.

సిరంజి ట్రేలో పెట్టేసి, బడి మెట్టు ఎక్కి, నాకు తెలిసింది చెప్పాను. పురుగు సంగతి, ఉండల సంగతి, పెద్దావిడ చెబితే నేను నవ్విన సంగతి. అంతమంది ముందు తప్పు ఒప్పుకోవడం నాకు అదే మొదలు. మొదట లేచింది నా చేతుల్లో పెయ్యదూడ చచ్చిపోయిన రైతమ్మే. ఆమె పక్కన ఇప్పుడు రెండు నెలల దూడ ఉంది.

"పేడపురుగుల కోసం మా దూడల్ని సంపుకోమంటావా బాబూ?"

నాలుగు గొంతులు ఆమెకు తోడయ్యాయి. "సూదెయ్యడం ఇష్టం లేక కతలు సెప్తన్నారు" అని కూడా ఎవరో అన్నారు. అంతలో పశువులు మేపే పెద్దావిడ ముందుకొచ్చింది.

"దూడలకి మందెయ్యొద్దని బాబు ఎక్కడన్నాడే? దూడ బీట్లోకి రాదు, కట్టుకాడే ఉంటాది. దాని పేడ మీ పెంటలోకే పోద్ది. దాన్నేసుకో. సిక్కిపోన ఆవుకి ఎయ్యి, మూడు వారాలు కట్టేసి గెడ్డెయ్యి. దుక్కలాగున్న ఎద్దుకి ఎందుకే సూది?"

నెలల తరబడి నాకు తట్టని వైద్యం అది. తప్పు తెలిసినవాణ్ణి నేను, దిద్దే దారి చెప్పింది ఆమె. రీసెర్చి అమ్మాయి అప్పుడు గోడ వదిలి వచ్చింది. నోట్లో పోసే మందుల్లో ఈ పురుగులకు అంతగా హాని చెయ్యనివి కొన్ని ఉన్నాయని గుర్తుచేసింది. నాకు తెలిసిన మందులే, ఇంజెక్షను సులువని పక్కన పెట్టినవి. ఏ పశువుకి నట్టలున్నాయో తెలియాలంటే మరి పేడ చూడాలి కదా అన్నారెవరో.

కాంపౌండరు నిట్టూర్చాడు. "సార్, ఎళ్లి పెళ్లికూతుర్ని తీసుకొస్తాను," అని బండి స్టార్ట్ చేశాడు.

ఆ సాయంత్రం దాకా బడి వరండాలో కూర్చుని పేడ నమూనాలు చూస్తూనే ఉన్నాం. కళ్లు పీకాయి. నట్టల గుడ్లు ఎక్కువగా ఉన్న పశువులు ఊళ్లో కొన్నే అని తేలింది. రైతమ్మ మాత్రం నా పక్కనుంచి కదల్లేదు. "దీనికేటన్నా అయితే మీదే పూచీ," అని దూడ మెడ నా ముందుకు తోసింది. "నాదే," అన్నాను.

ఇంజెక్షన్ల లెక్క ఒక్కసారిగా ఎందుకు పడిపోయిందని మా పై అధికారి సంజాయిషీ అడిగారు. "నువ్వు పశువుల డాక్టరువా, పురుగుల డాక్టరువా?" అన్నారు ఫోనులో. నేను నాలుగు పేజీలు రాసి, తొట్టెల సంగతంతా చెప్పి, ఒక్క దూడ నట్టలతో చచ్చినా పాత పద్ధతికి వెళ్లిపోతానని సంతకం పెట్టాను. దానికి జవాబు నేటికీ రాలేదు.

చలికాలంలో ఆ రైతమ్మ దూడకే విరేచనాలు పట్టుకున్నాయి. కబురు రాగానే బండెక్కాను. పేడ పట్టుకొచ్చి మైక్రోస్కోపు కింద పెట్టి రెండుసార్లు చూశాను. నట్టలు కాదు, మేత మార్పు వల్ల వచ్చిన అజీర్తి. నాలుగు రోజుల్లో లేచి గంతులేసింది. రైతమ్మ నాకు ఒక గిన్నెడు గడ్డపెరుగు పంపింది, మాటేమీ పంపలేదు.

ఆ తర్వాత చేసింది ఎదురుచూడడమే. మరుసటి తొలకరికి కొమ్ము పురుగు రాలేదు. కాంపౌండరు కొండ పల్లె నుంచి సంచీలో పట్టుకొచ్చి వదిలేద్దామన్నాడు. రీసెర్చి అమ్మాయి అప్పటికి చదువు ముగించి వేరే జిల్లాలో ఉద్యోగంలో చేరింది. ఫోనులో వద్దంది. "మధ్యలో ఊళ్లు కూడా మీ పద్ధతికి రానీండి సార్. దారి బాగుంటే అవే వస్తాయి." కాబట్టి మధ్య ఊళ్లు తిరిగాం. పెద్దావిడను జీపులో ఎక్కించుకుని తీసుకెళ్లేవాళ్లం. నేను పది నిమిషాలు చెప్పింది వాళ్లకు ఎక్కేది కాదు. ఆమె రెండు ముక్కల్లో చెబితే తలలు ఊపేవారు. ఆ పై ఏడాది చింతపిక్క పురుగులు బీట్లో బాగా పెరిగాయి. పనసపిక్క గడి మాత్రం ఖాళీయే. ఆ ఖాళీతోనే నేను రిటైరయ్యాను.

రిటైరైన మొదటి తొలకరి అది. తెల్లవారి మబ్బుగా ఉంది. ఇంట్లో పేపరు తిరగేస్తుంటే ఫోను మోగింది.

"బాబూ, నేనే. బేగి రండి," అంది పెద్దావిడ.

"ఏమైందమ్మా? పశువుకేమైనా అయిందా?"

"పశువులు బాగున్నాయి. మీరు రండి ముందు."

కాంపౌండరు కూడా అప్పటికి రిటైరై చోడవరంలోనే ఉన్నాడు. అతని బండి వెనక ఎక్కి వెళ్లాను. బీట్లో పెద్దావిడ కర్ర ఆనించుకుని ఒక పేడ ముద్ద పక్కన నిలబడి ఉంది. ముద్ద ఒక వైపు కదులుతోంది. తడిమట్టి కుప్పగా పైకి వచ్చింది, దాని వెనకే చేట లాంటి తల, కొమ్ము. ఒకసారి బయటికొచ్చి, పేడ పట్టినంత పట్టుకుని, వెనక్కి నడుచుకుంటూ కన్నంలోకి దిగిపోయింది. అవతల మరో ముద్ద దగ్గర ఇంకో మట్టికుప్ప ఉంది.

కాంపౌండరు మోకాళ్ల మీద కూలబడి నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను జేబులు తడుముకుని ఫోను తీశాను, ఆ అమ్మాయికి ఫోటో పంపాలని. వెలుతురు చాలక ఇంకా వంగాను, ఇంకా దగ్గరికి జరిగాను. పురుగు మళ్లీ పైకి రాలేదు. మట్టి అడుగునుంచి కదులుతోంది గానీ పైకి తోసుకురాలేకపోతోంది.

పెద్దావిడ కర్రతో నా చెప్పు మీద మెల్లగా తట్టింది.

"కాలు తియ్యి బాబూ. దాని గుమ్మంలో నిలబడ్డావు."

తీశాను.